ప్రతి ఏడో మాట మాయం

మా పైఅంతస్తులో దయావతి నడుస్తుంటే కింద కూర్చుని అడుగులు లెక్కపెట్టడం నాకు అలవాటైపోయింది. కిటికీ నుంచి తలుపు దాకా తొమ్మిది, తలుపు నుంచి కిటికీకి మళ్లీ తొమ్మిది. ఈ పాత ఇళ్లలో నేలంతా చెక్కపలకలే. పైన చెంచా పడినా కింద నా పప్పుగిన్నెలో పడ్డట్టే వినిపిస్తుంది. ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున పొయ్యిమీద పప్పు పెట్టి, అది ఉడికేలోపు మూడు వందల అడుగులు లెక్కపెట్టాను. ఇక నావల్ల కాలేదు. పొయ్యి ఆపేసి మెట్లెక్కాను. ఒకరింట్లో ఏదో జరుగుతోందని తెలిశాక కూడా ఏమిటని అడగకుండా ఉండడం నేను జర్మనీలో ఈ కైసర్స్‌లౌటర్న్‌లో ముప్పై రెండేళ్లున్నా నేర్చుకోలేదు.

దయావతి తలుపు తీసింది. సగం అల్లిన జడ, చేతిలో నాలుగు మడతల కాగితం.

"ఏందమ్మా, పొద్దుగాల్నుంచి గిట్ల తిరుగుతనే ఉన్నవ్? కాళ్లు గుంజుతలెవ్వా?"

"అయ్యో, సారీ అండి పిన్నిగారూ. బాగా చప్పుడొస్తోందాండి?"

"చప్పుడు సంగతి గాదు. అసలు సంగతేందో జెప్పు."

అలా చెప్పించుకున్నదే ఇదంతా.

దయావతిది నరసాపురం దగ్గర ఒక పల్లె. తండ్రి పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. తల్లి చర్చిలో సండే స్కూలు టీచరు. దయావతి కాకినాడలో నర్సింగ్ చదివి, విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి ఐసీయూలో ఏడేళ్లు పనిచేసింది. చివరి రెండేళ్లు ఆ వార్డుకి ఆమే పెద్ద నర్సు. కొత్త డాక్టర్లు కూడా ఏదైనా చేసేముందు ఆమె మొహం వంక చూసేవారట. ఈ మాట ఆమె చెప్పలేదు, భర్త సాముయేలు చెప్పాడు. అతను ఇక్కడ ఒక పరిశోధనా సంస్థలో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం మీద బ్లూకార్డు వీసాతో వచ్చాడు. ఏడాది తిరిగేలోపు ఆమెనూ తెచ్చుకున్నాడు.

వచ్చాక తెలిసింది, ఆ ఏడేళ్లూ ఇక్కడ లెక్కలోకి రావని. ఇక్కడివాళ్లు పెట్టే పరీక్ష ప్యాసై, నీ చదువు మా చదువుతో సమానమేనని కాగితం ఇచ్చేదాకా ఆమె నర్సు కాదు, సహాయకురాలు. ఒళ్లు తుడవచ్చు, అన్నం తినిపించవచ్చు, పక్క దులపవచ్చు. సూది మాత్రం ముట్టుకోకూడదు. ఒకరోజు ఒక ముసలావిడ చేతికి పెట్టిన సూది పక్కన వాపు రావడం దయావతి కంట పడింది. వైజాగులో అయితే రెండు నిమిషాల పని. ఇక్కడ గంట నొక్కి, ఆ పెద్దావిడ చెయ్యి పట్టుకుని, నర్సు వచ్చేదాకా అలా నిలబడింది. పదకొండు నిమిషాలు. గోడ గడియారం వంక చూస్తూనే ఉందట.

నవంబరులో మొదటిసారి పరీక్షకు వెళ్లి తప్పింది. చేతిపనిలో వంక పెట్టలేదు. తప్పించింది ఊబర్‌గాబె. అంటే షిఫ్టు మారేటప్పుడు వెళ్లిపోయే నర్సు వచ్చే నర్సుకు రోగి సంగతంతా నోటితో చెప్పడం. పేరేమిటి, జబ్బేమిటి, పొద్దున్నుంచి ఏం జరిగింది, ఇక ఏం చూసుకోవాలి. దయావతికి అన్నీ తెలుసు. ఇద్దరు పరీక్షకులు గోడకు ఆనుకుని చూస్తుంటే జర్మన్ మాటలు నాలుక దాకా వచ్చి తిరిగిపోయాయి. ఈ పరీక్ష ఒక్కసారి మాత్రమే మళ్లీ ఇస్తారు. ఆ రెండోసారి మార్చి ఇరవై నాలుగున, చేతిలో కాగితం ఆ పిలుపే. అదీ తప్పితే ఈ దేశంలో ఆమె నర్సు కావడమన్న మాట ఉండదు. జీవితమంతా గంట నొక్కి నిలబడడమే.

"గందుకా తిరుగుడు," అన్నాను.

"కూర్చుంటే గుండెలో ఏదో పాకినట్టు ఉంటోందండి. నడుస్తుంటే కాస్త నయం."

అప్పుడే లోపలి గదిలోంచి సాముయేలు ల్యాప్‌టాప్ పళ్లెంలా రెండు చేతుల్లో పట్టుకుని వచ్చాడు. పొడుగు మనిషి, ఎప్పుడూ ఏదో మరిచిపోయినట్టు కనిపిస్తాడు. "పిన్నిగారూ, మంచి టైముకి వచ్చారండి. ఇదొకటి చూడండి."

అతను రోజూ ఆఫీసు పని రాసుకునే టెక్స్ట్ ఎడిటర్ అట. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, బొమ్మలూ గిమ్మలూ ఏమీ లేవు. దాంట్లో ఇరవై ఊబర్‌గాబెలు ఎక్కించాడు. తుంటి విరిగిన ముసలాయన ఒకటి, షుగరు మనిషి ఒకటి, ఆపరేషనయిన మర్నాటి మనిషి ఒకటి, అలా. దయావతి క్లాసు పుస్తకాల్లోంచి ఏరినవి, ఒక జర్మన్ నర్సమ్మ దిద్దిపెట్టినవి. ఒక మీట నొక్కితే ప్రతి ఏడో మాటా మాయమైంది. మళ్లీ నొక్కితే ప్రతి ఐదోది. మళ్లీ నొక్కితే ప్రతి మూడోది. చివరికి పేరాకు ఒక్క మొదటి అక్షరం మిగిలి, మిగతా తెరంతా అమావాస్య.

"మాయమైన ప్రతిసారీ మొత్తం పైకి చదవాలండి, ఖాళీలతో సహా," అన్నాడు.

"మా అమ్మ చేసేదే ఇది," అంది దయావతి. సండే స్కూల్లో ఆమె తల్లి బోర్డు మీద బైబిలు వాక్యం రాసి, పిల్లలందరిచేతా చదివించి, తడిగుడ్డతో ఒక మాట చెరిపేదట. మళ్లీ చదివించి ఇంకొకటి చెరిపేది. బోర్డు నల్లగా మిగిలేసరికి వాక్యం పిల్లల నోట్లో ఉండేది. వాళ్లవైపు దాన్ని కంఠతవాక్యం అంటారు. దానికి పోటీలు, బహుమతులు కూడా.

"ఈయనకి తెలియకేమండి, జిల్లా పోటీలో రెండో బహుమతి కదా," అంది దయావతి.

"మొదటి బహుమతి ఎవరికొచ్చిందో, ఆ పోటీకి జడ్జి ఎవరో కూడా చెప్పమనండి పిన్నిగారూ. తల్లీకూతుళ్లు కలిసి నాకు అన్యాయం చేశారు."

"అన్యాయమయ్యాక కూడా వెతుక్కుంటూ వచ్చి చేసుకున్నారు మరి."

నేను తెర వంకే చూస్తున్నాను. "సాముయేలూ, గా మాటలు ఎటు పోయినయ్?"

"ఎక్కడికీ పోలేదండి. అక్కడే ఉన్నాయి. అక్షరాలకి కూడా నలుపు రంగే వేశాను. నలుపు మీద నలుపు."

అక్కడే ఉన్నాయంటే ఊరుకుంటానా. మౌసు పట్టుకుని ఒక ఖాళీ మీద అటూ ఇటూ రుద్దాను. నీలం పట్టీ పడి, దాంట్లోంచి మాట తెల్లగా బయటపడింది. ఇంకోదాని మీద రుద్దాను, అదీ వచ్చింది. సాముయేలు నా వంక చూసి, తర్వాత పెళ్లాం వంక చూశాడు. దయావతి నేల వంక చూస్తోంది.

"దయా, నువ్వు ఇలా రుద్ది చూస్తున్నావా?"

"అప్పుడప్పుడు."

"అప్పుడప్పుడంటే?"

"ప్రతి ఏడో మాటకి."

ఆ మధ్యాహ్నమే సాముయేలు రంగు సంగతి మానేసి, దాచిన మాట స్థానంలో చుక్కలు పెట్టాడు. వారం తర్వాత ఇంకో లొసుగు బయటపడింది. మాటకు ఎన్ని అక్షరాలుంటే అన్ని చుక్కలు వచ్చేవి. జర్మన్ మాటలు రైలుబండ్లలా పొడుగు కదా, దయావతి మాట గుర్తుకొచ్చి కాక చుక్కల పొడుగు చూసి చెప్పేస్తోంది. తెర ముందు గడగడా చెప్పేది, స్నానాల గదిలో ఆగిపోయేది. సాముయేలు అన్నిటికీ మూడే చుక్కలు వచ్చేలా మార్చాడు. మార్చడమంటే అతనికి పండగ. ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే ఎడిటర్ తెరిచేవాడు. మీటలు మార్చడం, ఎన్నిసార్లు ఆగిందో గీతలు గీయడం, అది తప్ప ఇంకో మాట లేదు. ఆ ఇంట్లో ఆమె నడుస్తూ ఉండేది, అతను టకటకా కొడుతూ ఉండేవాడు. కింద నాకు రెండూ వినిపించేవి.

మార్చి వచ్చేసరికి దయావతి ఇరవైలో పద్దెనిమిది చూడకుండా చెప్పేది. ఉల్లిపాయలు తరుగుతూ నాలుగోది చెప్పేది. బస్సులో ఎనిమిదోది మొదలుపెట్టి, మధ్యలో ఒక ఖాళీ దగ్గర చిక్కుకుని, స్టాపు దాటి యూనివర్సిటీ దాకా వెళ్లిపోయి, కొండ దిగి నడిచి వచ్చింది ఒకరోజు. చర్చిలో భోజనాల దగ్గర ఎవరో పప్పు వడ్డిస్తే, ప్లేటు పట్టుకుని పన్నెండోది చెబుతూ నిలబడిందట. మనిషి సగమైంది. కానీ చెబుతుంటే మాత్రం వాగు పారినట్టే, ఎక్కడా ఆగేది కాదు. పైనుంచి విని విని నాకే తుంటి ముసలాయనది సగం వచ్చేసింది.

పదిహేనో తారీకు ఆదివారం, వాళ్లు చర్చి నుంచి వచ్చాక, ఒకసారి అచ్చంగా పరీక్షలాగే చేసి చూద్దామన్నాను. నేను రోగిని. నా జర్మన్ బడిలో నేర్చింది కాదు, ఈ వీధిలో ముసలమ్మలతో కంచెల మీదుగా మాట్లాడి నేర్చింది. ఆసుపత్రి మంచాల మీద పడుకునేదీ ఆ ముసలమ్మలే కాబట్టి పనికొస్తుందనుకున్నాను. వాళ్ల సోఫా మంచమైంది. నా బీపీ మిషను నేనే పట్టుకెళ్లాను. సాముయేలు వచ్చే షిఫ్టు నర్సు. టీషర్టు మీద దయావతి తెల్లకోటు వేసుకుంటే మోచేతుల దగ్గర ఆగిపోయింది.

దయావతి చేతులు కడుక్కుని వచ్చింది, నా పేరడిగింది, దిండు సర్దింది. చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. తెర మీద అంకెలు ఆమె చూసింది, నేనూ చూశాను. నూట అరవై ఎనిమిది, తొంభై ఆరు. తర్వాత సాముయేలు వైపు తిరిగి, చేతులు ముందుకు కట్టుకుని, కళ్లు సగం మూసి ఊబర్‌గాబె మొదలుపెట్టింది. పదకొండోది, అరవై ఎనిమిదేళ్ల ఆడమనిషిది. ఒక్క మాట తడబడలేదు. సాముయేలు మొహం వెలిగిపోతోంది.

రక్తపోటు నూట ముప్పై, ఎనభై అంది.

"ఆగు బిడ్డా," అన్నాను.

ఆగింది. ఒక క్షణం అటూ ఇటూ చూసి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. అదే వాగు, అదే జోరు. మళ్లీ అక్కడికొచ్చి మళ్లీ నూట ముప్పై, ఎనభై.

"నూట అరవై ఎనిమిదని ఇప్పుడే చూసినవ్ గదనే. నూట ముప్పై ఎక్కడిది?"

అప్పుడు కళ్లు పూర్తిగా తెరిచింది. మిషను వంక చూసింది, నా వంక చూసింది. ఆ మొహం నాకింకా గుర్తే. ఉప్పు అనుకుని నోట్లో సున్నం వేసుకున్న మనిషి మొహం. దయావతి నా పక్కన కూర్చుని, ఈసారి తెలుగులో, వేరే గొంతుతో అడిగింది.

"పిన్నిగారూ, మాత్ర వేసుకున్నారాండి?"

"నిన్న ఒక్కపొద్దుంటి. వెయ్యలె. ఇయ్యాల యాదికి రాలె."

"తలనొప్పుందా? కళ్లు మసకగా ఉన్నాయా? చెయ్యి తిమ్మిరి?" లేదన్నాను. మాత్ర ఎక్కడుందో అడిగి, సాముయేలును కిందికి పంపి తెప్పించి వేయించింది. అరగంట నన్ను కదలనివ్వలేదు. మళ్లీ చూసింది, కాసేపాగి ఇంకోసారి చూసింది. మర్నాడు పొద్దున మా డాక్టరుకు తనే ఫోన్ చేసి, టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, లేదంటుంటే వదలకుండా మాట్లాడి తీసుకుంది. ఆ జర్మన్‌లో వాగూ లేదు, సొగసూ లేదు. పని మాత్రం అయింది.

ఆ ఆదివారం నేను సోఫా మీద పడుకుని ఉండగానే వాళ్లిద్దరికీ మాట పట్టింపు వచ్చింది. నిద్రపోయాననుకున్నారు. కళ్లు మూసుకున్నానంతే.

"ఏం లేదు దయా, చిన్న బగ్. ప్రతిసారీ అంకెలు మారేలా పెట్టేస్తాను. పది నిమిషాల పని."

"వద్దండి."

"ఎందుకొద్దు? తప్పెక్కడుందో దొరికింది, సరిచేస్తే పోయె."

"తప్పు మీ ఎడిటర్లో లేదండి. నాలో ఉంది. మిషను మీద ఒకటి చూసి నోటితో ఇంకోటి చెప్పాను. రెండుసార్లు. వైజాగులో నా కింద పిల్ల ఎవరైనా ఇలా చేస్తే ఆ పూటే వార్డు బయట నిలబెట్టేదాన్ని. నవంబర్లో మాట రాక తప్పాను. ఇప్పుడు మాటొచ్చి మనిషిని చంపేలా ఉన్నాను. అప్పుడే నయం."

"అలా అనకు."

"ఏమనమంటారు మరి? నెల నుంచీ నా మొహం చూశారా మీరు? ఎన్నిసార్లు ఆగానో గీత చూస్తున్నారు."

మూత పడిన చప్పుడొచ్చింది. ల్యాప్‌టాప్‌దే అయివుంటుంది.

తర్వాత రెండు రోజులు పైన అడుగుల చప్పుడే లేదు. తిరిగితే ఒక చిరాకు, తిరగకపోతే పది చిరాకులు. నాకు ఇంట్లో ఏ పనీ చేయబుద్ధి కాలేదు. తాళాలు పట్టుకుని రెండుసార్లు మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. పరీక్ష వాయిదా వేయించుకుందామా అనుకుంటోందని సాముయేలు మెట్ల మీద కనబడి చెప్పాడు. వేయిస్తే మళ్లీ ఎప్పుడిస్తారో తెలియదు. ఆసుపత్రిలో సహాయకురాలి ఉద్యోగం జూను దాకానే, ఆ లోపు కాగితం రావాలి. "నాకేం చెయ్యాలో తోచడం లేదు పిన్నిగారూ. ఏదైనా చెడిపోతే బాగుచెయ్యడం ఒక్కటే వచ్చు నాకు," అన్నాడు పాపం.

మంగళవారం మధ్యాహ్నం షిఫ్టు దిగి, దయావతి తిన్నగా నా వంటింటికే వచ్చింది. చంకలో ల్యాప్‌టాప్.

"ఆయనకి చెప్పకండి పిన్నిగారూ. దీన్ని మార్చేశాను."

"నీకు వస్తదా?"

"రాదండి. ఆయన రాసిందంతా ఒక ఫైల్లో ఉంది. ఏ వరుస తీస్తే ఏమవుతోందో ఒక్కొక్కటీ తీసి చూశాను. నిన్న మొత్తం పనిచెయ్యడం మానేసింది, ఏడుపొచ్చింది. ఇవాళ మళ్లీ పెట్టాను."

తెర తిప్పి చూపించింది. సాముయేలు ఎడిటర్ వాక్యం ఉంచి, మధ్యలో మాటలు దాచేది. ఈమె వాక్యాలన్నీ దాచేసింది. పేరు, వయసు, జబ్బు, ఆ పూట చూసిన అంకెలు, అవి మాత్రమే పైన మిగిలాయి. కింద అంతా నలుపు. ఆ పైవి కూడా ఎప్పటికప్పుడు కొత్తగా కొట్టుకోవాలి. ఒకసారి చెప్పాక ఆ రోగి పోతాడు, ఇంకొకరు రావాలి.

"నాకు రోగులు కావాలండి. పుస్తకంలోవాళ్లు కాదు, వాళ్లందరూ నోటికొచ్చేశారు. మీకు తెలిసినవాళ్లు."

నన్ను ఈ మాట అడిగిన మనిషి ముప్పై రెండేళ్లలో లేదు. ఈ వీధిలో ఎవరి మోకాలు ఎప్పుడు వాచింది, ఎవరికి ఏ మాత్ర పడదు, ఎవరు చక్కెర మానేశానని చెప్పి వెనకగుమ్మంలో కేకు తింటారు, అన్నీ నా దగ్గర ఉన్నాయి. మొదటి రోగి గంగాధరరావుగారు, కొడుకు దగ్గరికి వచ్చి షుగరుతో పడిపోయిన ఆయన. రెండోది సైకిలు మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్న స్టూడెంటు పిల్ల ఈషా. మూడోది ఎదురింటి ముసలమ్మ, గుండెకు మిషను పెట్టించుకుంది. నేను చెబుతుంటే ఆమె కొట్టింది. తర్వాత లేచి నిలబడి, జర్మన్‌లో చెప్పడం మొదలుపెట్టింది.

ఘోరంగా వచ్చింది. రెండు మాటలకు ఒకసారి ఆగింది. వాక్యం సగంలో విరిగి, ఇంకో సగం ఎక్కడినుంచో వచ్చి అతుక్కుంది. ఆ వాగు ఎటు పోయిందా అనిపించింది నాకే. పైగా నేను మధ్యలో నోరు పెడుతూనే ఉన్నాను, మా వీధి యాసలోనే. నొప్పిగా ఉంది, కిటికీ వెయ్యి, మా అబ్బాయి వచ్చాడా, ఆ గుళిక నీలందా తెల్లదా. మొదటి రోజు ప్రతి ప్రశ్నకూ చేతులు కట్టుకుని మొదటికి పోబోయింది. నేను చేతులు విడదీశాను. గురువారానికి ప్రశ్నకు జవాబు చెప్పి, వదిలిన చోటికి తిరిగి వచ్చింది. శుక్రవారం ఒక బీపీ అంకె నేను కావాలని తప్పుగా వినిపించాను. "కాదండి, తెర మీద అలా లేదు," అని నన్నే ఆపింది. శనివారానికి ముప్పై ఇద్దరు రోగులయ్యారు. నాకు తెలిసినవాళ్లు అయిపోతే, చనిపోయినవాళ్లను కూడా లేపి మంచాలెక్కించాను.

అదే రోజు సాముయేలు నా తలుపు కొట్టాడు. "పిన్నిగారూ, దయా ఇక్కడుందాండి? నా ఫైలు ఎవరో పాడుచేశారు."

దయావతి కుర్చీలోంచి లేచింది. "నేనే."

అతను తెర ముందు వంగి చాలాసేపు చదివాడు. కోపం వస్తుందేమోనని నేను చెంబుతో మంచినీళ్లు పట్టుకుని నిలబడ్డాను.

"నేను రాసింది నూట నలభై వరుసలు," అన్నాడు చివరికి. "పన్నెండు మిగిల్చింది." ఇంకా చదివాడు. "అయినా నడుస్తోంది. మా ఆఫీసులో చేరతావా?"

"ముందు నన్ను నర్సుని కానివ్వండి."

అతను నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు. "సరే, నన్నొక రోగిగా రాయి. వయసు ముప్పై ఆరు. జబ్బు ఏమిటో పిన్నిగారిని అడుగు."

"మొండి రోగం," అన్నాను. "మందు లేదు."

ఇరవై నాలుగున ఆమె తెల్లవారుతూనే వెళ్లిపోయింది. ముందురోజు ఆమెకు ఒక రోగిని చూపించారు. హెర్ కున్‌ట్స్ అని ఎనభై ఒక్క ఏళ్లాయన, తుంటి ఆపరేషను అయింది. ఆయనకు ఏమేం చేస్తుందో మధ్యాహ్నమే కాగితం మీద రాసి ఇచ్చింది. పొద్దున లేపి కూర్చోబెట్టి, నడకబండి పట్టించి, కారిడార్లో పది మీటర్లు నడిపించాలి. అచ్చంగా ఎడిటర్లో పద్నాలుగోది. నా మూలంగా కాదు, దేవుడి మూలంగా అలా పడింది.

సాముయేలు సెలవు పెట్టి నా ఇంట్లో పడ్డాడు. నా వంటింట్లో నాలుగడుగులకు మించి చోటు లేదు. ఆ నాలుగడుగుల్లోనే తిరిగాడు. కూర్చోమంటే కూర్చుని, నేను వెనక్కి తిరగ్గానే లేచేవాడు. టీ మూడుసార్లు పెట్టాను, మూడూ చల్లారాయి. పదకొండయింది, పన్నెండున్నరయింది. ఫోను లేదు. ఒంటిగంటప్పుడు కిటికీలోంచి చూస్తే దయావతి కొండ కిందినుంచి నడిచి వస్తోంది. బస్సు ఆమె పక్కనుంచే ఖాళీగా వెళ్లింది.

లోపలికి వచ్చింది. కోటు విప్పలేదు, కూర్చోలేదు. నేను అడిగాను.

"జెప్పు. మొదటిసంది జెప్పు."

పొద్దున హెర్ కున్‌ట్స్ పక్క మీద కూర్చోగానే మొహం తెల్లబడిందట. బీపీ చూస్తే తొంభై రెండు, యాభై ఐదు. నడిపించడం కుదరదు. పడుకోబెట్టి, కాళ్లు ఎత్తు పెట్టి, పరీక్షకుల వైపు తిరిగి, తను రాసిచ్చింది ఇవాళ చెయ్యనంది. ఎందుకని అడిగారు, చెప్పింది. వార్డు నర్సును పిలిపించి, డాక్టరుకు చెప్పించింది.

"తర్వాత ఊబర్‌గాబె అండి. నిలబడ్డాను. మొదలుపెట్టగానే పద్నాలుగోది వచ్చేసింది. మొత్తం. నడకబండి పట్టుకుని పది మీటర్లు బాగా నడిచారు, ఏ ఇబ్బందీ లేదు. ఒక్క ముక్క తగ్గకుండా గొంతులో నిలబడి ఉంది. వదిలితే చాలు."

"వదిలినవా?"

"మింగానండి. మింగాక ఇంకేం లేదు లోపల. వాళ్లు చూస్తున్నారు, ఒకాయన పెన్ను పట్టుకున్నాడు. నవంబర్లో కూడా ఇలాగే చూశారు." గోడకు ఆనుకుంది. "అప్పుడు పెద్దాయన వంక చూశాను. ఆయన్ని చూసి, కనిపించింది కనిపించినట్టు చెప్పాను. ఇవాళ నడవలేదు. మొహం తెల్లగా అయింది. బీపీ ఇంత. కాళ్లు ఎత్తులో ఉన్నాయి. డాక్టరుకు తెలుసు. అరగంటకోసారి చూడండి. చిన్న చిన్న ముక్కలండి, పిల్లలు మాట్లాడినట్టు. ఒకచోట కాళ్లకింద పెట్టిన ఆ మెత్తటి దిమ్మ పేరు రాలేదు. దీన్ని మీరేమంటారని పెద్దాయన్నే అడిగాను. ఆయన చెప్పారు. అదే పెట్టి ముగించాను."

"పరీక్షకులేమన్నారు?" అన్నాడు సాముయేలు.

"ఏమీ అనలేదు. బయట కూర్చోమన్నారు. నలభై నిమిషాలు. లోపల ఇద్దరూ గట్టిగా మాట్లాడుకోవడం వినిపించింది. ఒకావిడ భాష గురించి అంటోంది, ఇంకొకాయన ఏదో అడ్డం చెబుతున్నాడు. సగం అర్థమైంది. తర్వాత పిలిచారు. ఆవిడ కాగితం చూసి చదివింది. చివర్లో ప్యాసయ్యారు అంది."

సాముయేలు నడక ఆగిపోయింది.

"ఇంకోసారి చెబుతారా అని అడిగానండి," అంది దయావతి.

"అర్థం కాకనా?"

"మొదటిసారే అర్థమైంది. కానీ ఆవిడ కాగితంలోకి చూసి చదివింది కదండీ. నా వైపు చూసి చెబితే విందామని."

"మరి జెప్పిందా?" అన్నాను.

"కళ్లజోడు తీసింది," అంది దయావతి. "నా మొహం చూసి చెప్పింది."